తెవికీ వ్యాసంలో బయటి లింకులు ఎలా చేర్చాలి?

విశాఖపట్నం గురించి తెలుగు వికీపీడియాలో (తెవికీలో) ఏదైనా వెతుకుతూ ఒక వ్యాసం తెరిచారనుకోండి. చదువుతూ కిందికి వెళ్తే, చాలా వ్యాసాల్లో మూలాల తరవాత "బయటి లింకులు" అనో, "వెలుపలి లంకెలు" అనో ఒక చిన్న విభాగం ఉంటుంది. కొత్తగా తెవికీలోకి వచ్చినవాళ్లలో చాలామంది మొట్టమొదట చెయ్యి పెట్టేది ఇక్కడే. వ్యాసం రాయాలంటే కాస్త జంకుతారు. లింకు అతికించడానికైతే రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాల పనిని మర్నాటికల్లా ఎవరో తీసేస్తారు. "నేను మంచి సైటే ఇచ్చానుగా, ఎందుకు తీసేశారు?" అని రచ్చబండలో, అంటే తెవికీ వాడుకరులు కలిసి మాట్లాడుకునే పేజీలో, ప్రశ్న పడుతుంది.

లింకు పెట్టే పద్ధతి తేలికే. ఏ లింకు పెట్టాలో తేల్చుకోవడంలోనే ఉంది అసలు పని. అందుకని ఈ వ్యాసంలో మొదటి రెండు మెట్లూ పొడుగ్గా ఉంటాయి, బొత్తాలు నొక్కే భాగం పొట్టిగా ఉంటుంది.

మొదటి మెట్టు: అది బయటి లింకా, మూలమా?

వికీపీడియా వ్యాసంలో బయటి సైటుకి దారి రెండు రకాలుగా ఉంటుంది. వ్యాసంలో రాసిన వాక్యానికి రుజువుగా, వాక్యం చివర చిన్న అంకెతో చూపించేది మూలం. వ్యాసం చదివాక ఇంకా తెలుసుకోవాలనుకునేవారి కోసం చివర్లో ఇచ్చేది బయటి లింకు. ఈ రెండూ కలగాపులగం కావడమే తెవికీలో నాకు ఎక్కువగా కనిపించే చిక్కు.

ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్ఎస్ కుర్సుర జలాంతర్గామినే తీసుకుందాం. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969లో మన నౌకాదళంలో చేరింది, 2001లో సేవల నుంచి తప్పుకుంది, 2002లో మ్యూజియం అయింది. దాన్ని సముద్రంలోంచి ఒడ్డుకి లాగి ఇసుకలో నిలబెట్టిన తీరు గురించి ఒక పత్రికలో వివరమైన కథనం మీకు దొరికిందనుకోండి. చాలామంది ఆ కథనం లింకును తెచ్చి వ్యాసం అడుగున పడేసి వెళ్లిపోతారు. పాఠకుడికి దానివల్ల ఒరిగేది తక్కువ. లింకు నొక్కి చదివేవాళ్లు చాలా తక్కువమంది, పైగా కొన్నేళ్లకి ఆ పత్రిక సైటు మారిపోవచ్చు. దానికి బదులు ఆ కథనం చదివి, మీ మాటల్లో మూడు వాక్యాలు వ్యాసంలో రాసి, అదే లింకును వాటికి మూలంగా ఇవ్వండి. వ్యాసమూ పెరుగుతుంది, లింకుకీ సరైన చోటు దొరుకుతుంది, దాన్ని తీసేయడానికి ఎవరికీ కారణం ఉండదు.

కాబట్టి ఏ లింకు చేతికొచ్చినా మొదట ఒకటే అడగండి: ఇందులో ఉన్న సమాచారాన్ని నేను వ్యాసంలో రాయగలనా? రాయగలిగితే రాసేయండి. నా లెక్కలో, పెట్టాలనుకునే పది లింకుల్లో ఏడో ఎనిమిదో ఇక్కడే తేలిపోతాయి. రాయడానికి కుదరనివే, అంటే మరీ పెద్దవి, రోజూ మారేవి, కాపీరైటు వల్ల మనం తెచ్చుకోలేనివే బయటి లింకుల విభాగానికి రావాలి.

రెండో మెట్టు: ఏవి ఉండొచ్చు, ఏవి కూడదు

అన్నిటికన్నా ముందు అధికారిక వెబ్‌సైటు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గురించిన వ్యాసంలో 1926లో మొదలైన సంగతి, ఎవరెవరు ఉపకులపతులుగా చేశారన్నది రాయొచ్చు గానీ, ఈ ఏడాది పరీక్షల షెడ్యూలు రాయలేం, రాయకూడదు కూడా. అది కావలసినవారు యూనివర్సిటీ సైటుకే వెళ్తారు. అలాగే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ), పోర్టు, జూ పార్కు. సంస్థకి ఒక్క అధికారిక లింకు చాలు. దాని ఫేస్‌బుక్ పేజీ, ఎక్స్ ఖాతా, ఇన్‌స్టా, యూట్యూబ్ అన్నీ వరసగా పెట్టనక్కర్లేదు, అవన్నీ ఆ అధికారిక సైటులోనే ఉంటాయి. సంస్థకి సొంత సైటే లేకపోతే అప్పుడు అధికారిక ఫేస్‌బుక్ పేజీని ఆలోచించవచ్చు.

వ్యాసంలో ఎప్పటికీ పట్టనంత పెద్దవి కూడా చాలా మంచి లింకులు. అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలో ఉన్న బొజ్జన్నకొండ బౌద్ధ క్షేత్రంలో 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపారు. ఆనాటి పురావస్తు శాఖ నివేదిక స్కాన్ కాపీ ఏ డిజిటల్ లైబ్రరీలోనైనా మీకు దొరికిందనుకోండి. అందులోని ప్లానులు, ఫొటోలు, దొరికిన వస్తువుల జాబితా మొత్తం వ్యాసంలోకి ఎక్కించలేం. అలాంటిది బయటి లింకుల్లో కళ్లకద్దుకుని పెట్టాల్సిందే. వ్యాసానికి అవసరమైన ముక్కలు తీసుకుని, అదే నివేదికను మూలంగా కూడా వాడుకోవచ్చు. అది అంత పాతది కాబట్టి కాపీరైటు టెన్షన్ కూడా లేదు.

కాపీరైటు మాట వచ్చింది కాబట్టి ఇంకాస్త చెప్పాలి. ఇక్కడ మనవాళ్లకి పట్టింపు బొత్తిగా తక్కువ. "పీడీఎఫ్ దొరికింది, అందరికీ పనికొస్తుంది" అని మంచి మనసుతోనే పెడతారు. శ్రీశ్రీ విశాఖలో పుట్టినవారు, 1983లో కన్నుమూశారు. మన కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత బతికుండగా వెలువడిన రచనలకి, ఆయన చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లపాటు హక్కులు ఉంటాయి. అంటే శ్రీశ్రీ పుస్తకాలకి 2043 చివరిదాకా. ఎవరో స్కాన్ చేసి ఏదో డ్రైవ్‌లో పెట్టిన ఆయన పుస్తకం పీడీఎఫ్‌కి తెవికీ నుంచి లింకు ఇవ్వకూడదు. వికీపీడియాలో ఆ పుస్తకం లేదు కదా, లింకే కదా అన్న వాదన చెల్లదు. అక్రమంగా పెట్టిన కాపీకి తెలిసి తెలిసి దారి చూపించడం కూడా నిబంధనలకి విరుద్ధమే. అదే గురజాడ అప్పారావు విషయానికొస్తే, ఆయన 1915లోనే చనిపోయారు కాబట్టి ఆ రచనలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. అయితే అక్కడ కూడా ఏదో బ్లాగులోని కాపీకన్నా, వికీపీడియాకి తోబుట్టువైన పుస్తకాల భండారం వికీసోర్స్‌లో ఉంటే దానికే లింకు ఇవ్వడం మేలు.

యూట్యూబ్ వీడియోలదీ ఇదే కథ. యూట్యూబ్ లింకు అసలు పెట్టకూడదని నియమం లేదు. నౌకాదళమో, ప్రసార సంస్థో తమ సొంత ఛానల్లో పెట్టిన వీడియో అయితే పరిశీలించవచ్చు. టీవీలో వచ్చిన కార్యక్రమాన్ని ఇంకెవరో రికార్డు చేసి తమ ఛానల్లో ఎక్కించిందైతే వద్దు. వీడియో ఎవరిదన్నదే ముఖ్యం.

ఇక పెట్టకూడనివి. టూర్ ప్యాకేజీలు, క్యాబ్ బుకింగ్, హోటళ్లు అమ్మే సైట్లు ఎలాగూ కూడదు. అరకు, కైలాసగిరి, రుషికొండ లాంటి వ్యాసాలకి వీటి బెడద ఎక్కువ. డబ్బు కడితేనో, ఖాతా తెరిస్తేనో తప్ప చదవనివ్వని సైట్లు, గూగుల్‌లో వెతికిన ఫలితాల పేజీలు, అక్షరం కనబడకుండా ప్రకటనలు మీదపడే సైట్లు, వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో చేరమనే లింకులు కూడా అంతే. ఎవరి బ్లాగు వాళ్లకి ముద్దే గానీ, ఆ రంగంలో పేరున్న నిపుణుడి బ్లాగు అయితే తప్ప అదీ ఇక్కడ చెల్లదు. మ్యాప్ లింకు కూడా అక్కర్లేదు. వ్యాసంలో అక్షాంశ రేఖాంశాలు ఇచ్చేస్తే పాఠకుడు తనకి నచ్చిన మ్యాపులో తెరుచుకుంటాడు.

మనసుకి కష్టంగా తోచే సందర్భం ఒకటుంది. విశాఖ ఉక్కులో పెట్టుబడుల ఉపసంహరణకి 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఊరంతా కదిలింది. అలాంటి సమయంలో "ఈ పిటిషన్‌పై సంతకం చేయండి" అనే లింకును ఉక్కు కర్మాగారం వ్యాసం కింద పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఉద్యమం మీద మీకెంత అభిమానం ఉన్నా సరే, ఆ లింకు అక్కడ ఉండకూడదు. సంతకాల సేకరణకీ, విరాళాల సేకరణకీ, ఓట్ల అభ్యర్థనకీ విజ్ఞాన సర్వస్వం వేదిక కాదు. ఉద్యమం గురించే రాయాలనుకుంటే వ్యాసంలో ఒక విభాగం పెట్టి, ఏ రోజున ఏం జరిగిందో పత్రికల మూలాలతో రాయండి. పిటిషన్ లింకు గడువు అయిపోతే చచ్చిపోతుంది, ఆ విభాగం మాత్రం నిలబడుతుంది.

మూడో మెట్టు: అడ్రసు శుభ్రం చేయండి

లింకు ఖాయం అనుకున్నాక, ఆ పేజీని ఒకసారి మీ బ్రౌజర్లో తెరిచి, పైన అడ్రస్ బార్‌లో ఉన్నదాన్నే కాపీ చేయండి. వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో వచ్చిన లింకును అలాగే అతికించొద్దు. వాటి తోకలో ప్రశ్నార్థకం గుర్తు తరవాత మీరు ఎక్కణ్ణుంచి వచ్చారో కనిపెట్టే కోడ్లు పొడుగ్గా వేలాడుతుంటాయి. ఆ తోక కత్తిరించి, మిగిలిన అడ్రసుతో పేజీ తెరుచుకుంటుందో లేదో చూడండి. కొన్ని సైట్లలో ప్రశ్నార్థకం తరవాత ఉన్నదే అసలు పేజీ నంబరు కావచ్చు. కాబట్టి కళ్లు మూసుకుని కత్తిరించకుండా, ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది.

పొట్టి చేసిన లింకులు అసలు వద్దు. అవి ఎక్కడికి తీసుకెళ్తాయో ముందుగా తెలియదు కాబట్టి, అలాంటి సైట్లను వికీపీడియా నిషేధ జాబితాలో పెట్టింది. పేజీ భద్రపరచబోతే సాఫ్ట్‌వేరే అడ్డుకుంటుంది. ఈ జాబితా అన్ని భాషల వికీపీడియాలకీ ఉమ్మడిగా ఉంటుంది. కాబట్టి ఇంగ్లీషు వికీలో కుదరలేదని తెలుగులో ప్రయత్నించినా లాభం లేదు.

సైటు హోమ్ పేజీకి ఇవ్వాలా, లోపలి పేజీకి ఇవ్వాలా? వ్యాసం దేని గురించో దానికే ఇవ్వండి. కుర్సుర వ్యాసంలో వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) హోమ్ పేజీ పెడితే, పాఠకుడు అక్కడికి వెళ్లి లేఅవుట్ల నోటిఫికేషన్లూ టెండర్లూ చూసి తిరిగొస్తాడు. మ్యూజియం పేజీ విడిగా ఉంటే అదే ఇవ్వాలి.

నాలుగో మెట్టు: చేర్చడం

వ్యాసం పైన సవరించడానికి రెండు దారులు కనిపిస్తాయి: ఒకటి పేజీ కనిపించే రూపంలోనే దిద్దే విజువల్ ఎడిటర్, రెండోది గుర్తులతో సహా రాసే మూలపాఠ్యం. బయటి లింకుల వరకు మూలపాఠ్యమే సులువని నా అభిప్రాయం. చేయాల్సింది ఒక్క లైను రాయడమే.

కిందికి వెళ్లి మూలాల విభాగం తరవాత బయటి లింకుల విభాగం ఉందో లేదో చూడండి. ఉంటే దాంట్లోనే చేర్చండి, పేరు "వెలుపలి లంకెలు" అని ఉన్నా సరే, ఇంకో కొత్త విభాగం పెట్టొద్దు. లేకపోతే మూలాల తరవాత, అడుగున ఉండే వర్గాల వరసకి పైన, ఇలా రాయండి:

== బయటి లింకులు ==
* [చిరునామా ఐఎన్ఎస్ కుర్సుర మ్యూజియం సందర్శన వేళలు, టికెట్ల వివరాలు]

ఇక్కడ "చిరునామా" అన్నచోట మీరు కాపీ చేసిన అడ్రసు అతికించాలి. ముందు నక్షత్రం గుర్తు, తరవాత ఒక్క చదరపు బ్రాకెట్, అడ్రసు, ఒక ఖాళీ, వివరణ, మళ్లీ ఒక్క బ్రాకెట్. అంతే.

తప్పులు జరిగేది కూడా ఈ లైనులోనే. తెవికీలో ఒక వ్యాసం నుంచి ఇంకో వ్యాసానికి లింకు ఇచ్చేటప్పుడు రెండేసి బ్రాకెట్లు, మధ్యలో నిలువు గీత వాడతాం. ఆ అలవాటుతో బయటి లింకుకి కూడా రెండేసి బ్రాకెట్లు పెడితే లింకు సరిగా రాదు, పేజీలో అదనపు బ్రాకెట్లు అసహ్యంగా కనిపిస్తాయి. బ్రాకెట్లు ఒక్కొక్కటే పెట్టి మధ్యలో నిలువు గీత పెట్టారనుకోండి, ఆ గీత అడ్రసులో కలిసిపోయి లింకు ఇంకెక్కడికో పోతుంది. బయటి లింకుకి ఖాళీయే సరిహద్దు. అందుకే అడ్రసు మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ప్రభుత్వ సైట్లలో పీడీఎఫ్ పేర్ల మధ్య ఖాళీలు ఉంటాయి. బ్రౌజరు నుంచి కాపీ చేస్తే ఆ ఖాళీ ఉన్నచోట శాతం గుర్తు, 20 వస్తాయి. వాటిని అలాగే ఉంచండి. తెలుగు పేరున్న పేజీ అడ్రసు కాపీ చేస్తే శాతం గుర్తులతో చాంతాడంత వస్తుంది, దానికీ కంగారు పడక్కర్లేదు, పనిచేస్తుంది.

విజువల్ ఎడిటర్ కావాలంటే: విభాగంలో కర్సర్ పెట్టి, బుల్లెట్ జాబితా మొదలుపెట్టి, వివరణ టైపు చేయండి. ఆ మాటలను సెలెక్ట్ చేసి, పైన గొలుసు గుర్తు నొక్కండి. కంట్రోల్, కె కలిపి నొక్కినా అదే పెట్టె వస్తుంది. అందులో తెవికీ పేజీలను వెతికే భాగం ఒకటి, బయటి లింకుకి ఇంకొకటి ఉంటాయి. రెండోదాంట్లో అడ్రసు అతికించండి. ఫోన్లో అయితే పెన్సిల్ గుర్తు నొక్కి, విభాగం తెరిచి పైన చెప్పిన ఒక్క లైను రాయడమే తేలిక.

తెలుగులో టైపు చేసేవాళ్లకి మాత్రమే వచ్చే ఒక ఇబ్బంది ఉంది. తెవికీలో తెలుగు టైపింగ్ పరికరం ఆన్‌లో ఉంటే, మీరు చేత్తో కొట్టే అడ్రసు అక్షరాలన్నీ తెలుగులోకి మారిపోతాయి. కంప్యూటర్లో కంట్రోల్, ఎం కలిపి నొక్కితే అది ఆగుతుంది, మళ్లీ నొక్కితే మొదలవుతుంది. అడ్రసు ఎప్పుడూ కాపీ, పేస్టే చేయండి. ఖాతా లేకుండా గానీ, కొత్త ఖాతాతో గానీ బయటి లింకు చేర్చినప్పుడు భద్రపరిచే ముందు వికీపీడియా ఒక క్యాప్చా (మీరు మనిషో యంత్రమో తేల్చే చిన్న పరీక్ష) చూపిస్తుంది. అందులో ఇంగ్లీషు అక్షరాలు కొట్టమని అడగవచ్చు. ఎన్నిసార్లు కొట్టినా తప్పని అంటోందంటే, టైపింగ్ పరికరం ఆన్‌లో ఉండి తెలుగు అక్షరాలు పడుతున్నాయేమో చూసుకోండి. కొన్నాళ్లు దిద్దుబాట్లు చేశాక ఈ క్యాప్చా రావడం మానేస్తుంది.

ఐదో మెట్టు: వివరణ ఎలా రాయాలి

పాఠకుడు నొక్కకముందే అక్కడేముందో తెలియాలి. "ఇక్కడ క్లిక్ చేయండి", "మరిన్ని వివరాలకు", "తప్పక చూడండి" వంటివి పనికిరావు. ఒట్టి అడ్రసు అలాగే వదిలేసినా బాగోదు. సైటు పేరో పత్రం పేరో, ఎవరిదో, ఏ భాషలో ఉందో, పీడీఎఫ్ అయితే ఆ సంగతీ రాయండి. "బొజ్జన్నకొండ తవ్వకాల నివేదిక, పురావస్తు శాఖ, ఇంగ్లీషులో, పీడీఎఫ్" అంటే చాలు. ఫోన్లో డేటా చూసుకుని వాడేవాళ్లకి పెద్ద పీడీఎఫ్ అని ముందే తెలియడం అవసరం కూడా. ఒకే సంగతి మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మంచి పేజీలుంటే తెలుగుదాన్ని ముందు పెట్టండి, చదివేది తెలుగువాళ్లే కదా.

ఆరో మెట్టు: భద్రపరచడం

మునుజూపు (భద్రపరిచే ముందు పేజీ ఎలా ఉంటుందో చూపేది) చూసి, లింకు నొక్కి, సరైన చోటికే వెళ్తోందా చూడండి. తరవాత దిద్దుబాటు సారాంశంలో ఒక్క ముక్క రాయండి: "మ్యూజియం అధికారిక పేజీ లింకు చేర్చాను" అని. సారాంశం ఖాళీగా వదిలేసి బయటి లింకు చేర్చిన కొత్త ఖాతాను చూడగానే, ఇటీవలి మార్పులను గమనించేవారికి స్పామ్ అనే అనుమానం వస్తుంది. ఒక్క వాక్యంతో ఆ అనుమానం పోతుంది. ముందు అలవాటు కావాలనుకుంటే మీ ప్రయోగశాల పేజీలో ఎన్నిసార్లయినా రాసి చూసుకోవచ్చు.

ఒక విభాగాన్ని బాగుచేసి చూద్దాం

కైలాసగిరి లాంటి పర్యాటక స్థలం వ్యాసంలో ఇలాంటి విభాగం ఉందని ఊహించుకోండి:

== బయటి లింకులు ==
* [చిరునామా ఇక్కడ క్లిక్ చేయండి]
* [[చిరునామా|కైలాసగిరి రోప్‌వే]]
* [చిరునామా వైజాగ్, అరకు 2 రోజుల టూర్, తక్కువ ధర]
* [చిరునామా మా ఛానల్‌ను సబ్‌స్క్రైబ్ చేసుకోండి]
* [చిరునామా వుడా వారి సైటు]

ఊళ్లో ఫ్లెక్సీ కడితే అందరి ఫొటోలూ ఎక్కినట్టు, ఎవరికి తోచింది వాళ్లు ఎక్కించేశారు. ఒక్కొక్కటే చూద్దాం. మొదటిది తెరిచి చూస్తే ఒక పత్రిక కథనం. కొండ మీద కొత్తగా పెట్టినవాటి గురించి అందులో ఉంది. దాన్ని వ్యాసంలోకి తెచ్చి రెండు వాక్యాలు రాసి, మూలంగా మార్చాలి. రెండోదాంట్లో బ్రాకెట్లు తప్పు. సరిచేసి తెరిస్తే అది టికెట్లు అమ్మే ప్రైవేటు సైటని తేలితే తీసేయాలి. మూడూ నాలుగూ ఆలోచించకుండా తీసేయొచ్చు. ఐదోది అసలైనదే, కానీ పాతబడింది. వుడా 2018లోనే వీఎంఆర్‌డీఏగా మారింది. ఇప్పటి సైటులో కైలాసగిరి పేజీ వెతికి అది పెట్టాలి. చివరికి మిగిలేది ఇది:

== బయటి లింకులు ==
* [చిరునామా కైలాసగిరి, వీఎంఆర్‌డీఏ అధికారిక పేజీ]

ఒక్కటే మిగిలిందని బాధపడొద్దు. దాని కింద, వికీపీడియాకి తోబుట్టువైన ఫొటోల భండారం కామన్స్‌లోని వర్గానికి దారి చూపే మూస (సిద్ధంగా ఉండే అచ్చు) చేరిస్తే నిండుగానే ఉంటుంది. విభాగంలో ఐదారుకి మించి లింకులు కనబడితే, వాటిలో సగం అక్కర్లేనివే అయ్యుండే అవకాశం ఎక్కువ. మీరు తీసేసేటప్పుడు కూడా సారాంశంలో కారణం రాయడం మరిచిపోవద్దు.

పాత లింకులు కూడా చూడండి

కొత్తవి చేర్చడం కన్నా పాతవి సరిదిద్దడమే విశాఖ వ్యాసాలకి ఇప్పుడు ఎక్కువ అవసరం. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడ్డాయి. అరకు, పాడేరు, బొర్రా గుహలున్న అనంతగిరి మండలం ఇప్పుడు పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి జిల్లాలో ఉన్నాయి. గురజాడ పుట్టిన రాయవరం, బొజ్జన్నకొండ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు రాసిన మండలాల, గ్రామాల వ్యాసాల్లో "జిల్లా అధికారిక వెబ్‌సైటు" అంటూ విశాఖ జిల్లా సైటు కనిపిస్తే అది ఇప్పుడు తప్పు. వ్యాసం పాఠంలో జిల్లా పేరు మార్చినవాళ్లు కూడా అడుగున ఉన్న లింకును మార్చడం మరిచిపోతారు.

పనిచేయని లింకు దొరికితే రెండు విధాలుగా చూడాలి. అది మూలం అయితే తీసేయొద్దు. ఆ వాక్యానికి ఉన్న రుజువు అదే. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ అడ్రసు పెట్టి వెతికితే పాత కాపీ దొరకవచ్చు, దాన్ని మూలంలో చేర్చండి. బయటి లింకుల విభాగంలోదైతే, ముందు అదే సైటులో కొత్త చిరునామా వెతకండి, ప్రభుత్వ సైట్లు రీడిజైన్ చేసినప్పుడు లోపలి పేజీల అడ్రసులన్నీ మారిపోతుంటాయి. దొరక్కపోతే, ఆ పేజీకి నిజంగా విలువ ఉందనిపిస్తే ఆర్కైవు కాపీ పెట్టి ఆ సంగతి వివరణలో చెప్పండి, లేకపోతే తీసేయండి. కొత్తగా లింకు చేర్చేటప్పుడే దాన్ని వేబ్యాక్ మెషీన్‌లో భద్రం చేసేస్తే తరవాత వచ్చేవాళ్లకి ఈ శ్రమ తప్పుతుంది.

మీ సొంత సైటు అయితే

ఎండాడలో మీకు రిసార్టు ఉంది, లేదా భీమిలి చరిత్ర మీద మీరే ఒక సైటు నడుపుతున్నారు. దాని లింకు మీరే చేర్చడం మంచిది కాదు, సైటు ఎంత బాగున్నా సరే. సందర్శకుల కోసం, గూగుల్‌లో పైకి రావడం కోసం అనుకుంటే అసలు దండగ. వికీపీడియాలోని బయటి లింకులకి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్లకి చెప్పే గుర్తు 2007 నుంచీ ఉంది. ఇక్కడ లింకు పెట్టినంత మాత్రాన మీ సైటుకి ర్యాంకు పెరగదు. పది వ్యాసాల్లో వరసగా పెట్టారంటే మాత్రం మీ సైటు పేరు నిషేధ జాబితాలోకి ఎక్కే ప్రమాదం ఉంది. రిసార్టు సంగతి అక్కడితో వదిలేయండి. భీమిలి చరిత్ర సైటులో నిజంగానే ఇంకెక్కడా లేని పాత ఫొటోలూ పత్రాలూ ఉంటే, ఆ వ్యాసపు చర్చ పేజీలో "ఈ సైటు నాదే, ఇందులో ఫలానావి ఉన్నాయి, పనికొస్తాయనుకుంటే చేర్చండి" అని రాయండి. ఇంకెవరైనా చూసి నిర్ణయిస్తారు. ఇంకా మంచి దారి, ఆ ఫొటోల హక్కులు మీవే అయితే వాటిని నేరుగా కామన్స్‌లోకి ఎక్కించడం. ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకుని రాస్తుంటే మాత్రం ఆ విషయం బయటపెట్టడం వికీమీడియా వాడుక నియమాల ప్రకారం తప్పనిసరి.

మీరు పెట్టిన లింకు తీసేస్తే

వెంటనే మళ్లీ పెట్టేయకండి. చరిత్ర ట్యాబు తెరిచి, ఎవరు తీశారో, సారాంశంలో ఏం రాశారో చూడండి. చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది: "వాణిజ్య సైటు", "మూలంగా వాడవచ్చు", "పనిచేయడం లేదు". కారణం మీకు సబబుగా అనిపించకపోతే వ్యాసపు చర్చ పేజీలో అడగండి. "ఎందుకు తీశారు?" అని నిలదీయడం కన్నా, "ఈ పేజీలో 1906 తవ్వకాల ప్లానులు ఉన్నాయి, వ్యాసంలో అవి లేవు, అందుకని పెట్టాను" అని లింకు వల్ల పాఠకుడికి ఏం దొరుకుతుందో చెబితే మాట వింటారు. వారం పది రోజులు చూసినా జవాబు రాకపోతే రచ్చబండలో ఒక మాట వేయండి, అక్కడ ఎవరో ఒకరు స్పందిస్తారు. ఈలోగా ఆ వ్యాసాన్ని మీ వీక్షణ జాబితాలో చేర్చుకుంటే, దాంట్లో జరిగే ప్రతి మార్పూ మీకు తెలుస్తుంటుంది.